స్టెంట్లు వేసిన నాలుగు నెలలకు ఛాతీలో గడ్డ బయటపడితే ఏది ముందు, ఏది తర్వాత?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. నాన్నగారికి 62 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే రెండు స్టెంట్లు వేశారు. స్టెంట్లలో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, టికాగ్రెలార్ అనే రెండు మాత్రలు, వాటితో పాటు మెటోప్రొలాల్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. పొడి దగ్గు తగ్గడం లేదని సీటీ స్కాన్ తీస్తే రొమ్ము ఎముక వెనుక, గుండెకు ముందు ఐదున్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. 'థైమోమా కావచ్చు' అని, అంటే రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి కణితి కావచ్చని, రిపోర్టులో రాశారు. ఒక డాక్టరు సూదితో ముక్క తీసి పరీక్షించాలన్నారు. ఇంకొకరు ఆ పరీక్ష అవసరం లేదు, నేరుగా తీసేద్దామన్నారు. గుండె డాక్టరేమో ఏడాది వరకు ఆ రెండు మాత్రలూ ఆపడానికి వీల్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

నేను ఛాతీ శస్త్రచికిత్స చేసే డాక్టరును. గుండె జబ్బుతో పాటు ఇలాంటి గడ్డ కూడా ఉన్నవారిని చాలాకాలంగా చూస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెబుతాను.

గడ్డ అంచులు నున్నగా ఉండి, పక్కనున్న రక్తనాళాల్లోకి చొచ్చుకుపోకుండా ఉంటే, రక్తపరీక్షల్లో వేరే జబ్బు జాడ లేకపోతే, సూది పరీక్ష అవసరం లేదు. గడ్డను మొత్తంగా తీసి, తీసినదాన్ని పరీక్షించడమే సరైన దారి. అయితే అది ఈ వారమే జరగనక్కర్లేదు. స్టెంట్లు వేసి ఆరు నెలలు దాటేవరకు ఆగి, ఆస్పిరిన్ మాత్రం ఆపకుండా ఆపరేషన్ చేయడం చాలామందిలో కుదురుతుంది. కాబట్టి ముగ్గురు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. ఎవరికి వారు తమ వైపు నుంచి చూస్తున్నారు. ముగ్గురూ ఒకే చోట కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే మిగిలింది. ఆ పని మీరు పట్టుబట్టి చేయించాలి.

వీటన్నిటికన్నా ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. మీ ప్రశ్న చివర్లో ఒక మాట రాశారు: 'సాయంత్రం అయ్యేసరికి నాన్న కనురెప్పలు బరువెక్కి వాలిపోతున్నాయి, మాత్రల మగత అనుకుంటున్నాం.' మొత్తం ప్రశ్నలో నన్ను పట్టి నిలిపింది ఆ వాక్యమే.

కనురెప్పల సంగతి

థైమోమా అరుదైన కణితి. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుంది. అది వచ్చిన వారిలో దాదాపు మూడో వంతు మందికి మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత కూడా ఉంటుంది. నరం నుంచి కండరానికి కబురు అందే చోట, మన శరీరమే తయారుచేసిన యాంటీబాడీలు అడ్డుపడతాయి. పొద్దున్న బాగానే ఉంటారు, పొద్దు వాలేకొద్దీ నీరసపడతారు. కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, అన్నం నమిలేటప్పుడు మధ్యలో దవడలు అలసిపోవడం, మాట ముక్కుతో వచ్చినట్లు మారడం, మంచినీళ్లు తాగితే పొలమారడం దీని గుర్తులు. నాన్నగారిని ఈ నాలుగైదూ విడివిడిగా అడగండి. 'నీరసంగా ఉందా' అని అడిగితే, గుండెపోటు వచ్చిన మనిషి ఎలాగూ ఉందనే అంటారు.

ఇంట్లో చూడగలిగిన చిన్న పరీక్షలు రెండున్నాయి. సాయంత్రం పూట ఆయన్ను కూర్చోబెట్టి, తల కదపకుండా చూపు మాత్రం పైకప్పు వైపు ఒక నిమిషం నిలపమనండి. రెప్ప మెల్లగా జారుతూ నల్లగుడ్డును కప్పేస్తుంటే ఫోనులో వీడియో తీయండి. డాక్టరు దగ్గరికి పొద్దున్నే వెళితే ఆ గుర్తు కనిపించకపోవచ్చు, వీడియో ఉంటే ఆయనే చూసుకుంటారు. తర్వాత, గట్టిగా ఊపిరి పీల్చి మధ్యలో ఆగకుండా ఒకటి నుంచి పైకి లెక్కపెట్టమనండి. ఇరవై దాటకుండానే ఊపిరి చాలకపోతే ఆలస్యం చేయకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆసుపత్రిలో అయితే మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు మంచు ముక్కల సంచి పెట్టి చూస్తారు. మయస్థీనియాలో చల్లదనానికి రెప్ప కాస్త పైకి లేస్తుంది.

ఖాయం చేసుకోవడానికి చేసే రక్తపరీక్ష ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ. రెప్పలు వాలినా వాలకపోయినా, థైమోమా అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష జరగాలి. అది చేయకుండా మత్తు ఇస్తే, ఆపరేషన్ చక్కగా ముగిసినా ఊపిరి కోసం గొంతులో వేసిన గొట్టం తీయలేని పరిస్థితి రావచ్చు. దెబ్బతిన్న గుండెకు రోజుల తరబడి వెంటిలేటర్ అంటే చాలా భారం.

గుండె మందులతో చిక్కు వచ్చేది కూడా ఇక్కడే. మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు మయస్థీనియాను పెంచవచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు (మీ నాన్నగారి అటోర్వాస్టాటిన్ ఆ కోవదే) కూడా కొందరిలో పెంచుతాయి. వెరాపమిల్ అనే గుండె మందు, లయ తప్పిన గుండెకు నరంలోంచి ఇచ్చే మెగ్నీషియం ఇంకా ప్రమాదం. అలాగని మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే మళ్లీ గుండెనొప్పి రావచ్చు. గుండె పంపింగ్ బాగుంటే కార్డియాలజిస్టు మెల్లగా తగ్గించవచ్చు, పంపింగ్ తగ్గి ఉంటే కొనసాగిస్తూనే నరాల డాక్టరుతో కలిసి కనిపెట్టుకుని ఉంటారు. ఆ నిర్ణయం వాళ్లది.

దగ్గు గురించి కూడా ఒక మాట. రామిప్రిల్ వాడేవారిలో పొడి దగ్గు చాలా మామూలు. అంచులు నున్నగా ఉన్న ఈ పరిమాణం గడ్డ చాలామందిలో ఏ బాధా చూపదు. అంటే దగ్గు మాత్రది, గడ్డ దాని పుణ్యాన బయటపడిందనుకోవడానికి అవకాశం ఎక్కువ. టికాగ్రెలార్ కూడా కొందరికి ఆయాసం తెస్తుంది. కాబట్టి దగ్గును, ఆయాసాన్ని చూసి గడ్డ నొక్కేస్తోందని కంగారుపడకండి. డాక్టరుకు చెబితే రామిప్రిల్ బదులు ఆ దగ్గు తేని మందు ఇస్తారు. ఈలోగా దగ్గు కోసం మందుల షాపులో అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ కొని వేయకండి. మన దగ్గర ఇది సర్వసాధారణం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆ రెండు రకాల యాంటీబయాటిక్‌లూ మయస్థీనియా ఉన్నవారిని ఊపిరాడని స్థితికి నెట్టగలవు.

అసలు అది థైమోమాయేనా?

రొమ్ము ఎముక వెనుక ఉన్న చోట పెరిగేవి ముఖ్యంగా నాలుగు: థైమస్ గ్రంథి కణితులు, లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), జెర్మ్ సెల్ కణితులు (అండం, వీర్యకణం తయారయ్యే మూలకణాల నుంచి పుట్టేవి), మెడ నుంచి కిందికి దిగిన థైరాయిడ్ గడ్డ. చికిత్సలో వీటికి ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. లింఫోమాకు కత్తి అవసరం లేదు, మందులతో కరిగిపోతుంది. అందుకే వీటి జాడ చూపే ఎల్‌డీహెచ్, ఆల్ఫా ఫీటో ప్రోటీన్, బీటా హెచ్‌సీజీ, థైరాయిడ్ రక్తపరీక్షలు ముందే చేయించాలి. జెర్మ్ సెల్ కణితులు ఎక్కువగా కుర్రవాళ్లలో వస్తాయి, మీ నాన్నగారి వయసులో ఆ అవకాశం తక్కువే. అయినా చవకైన రక్తపరీక్షను వదులుకోవడం ఎందుకు?

సూది పరీక్ష ఎప్పుడు చేయాలి? జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వేరే చోట్ల లింఫు గ్రంథులు ఉబ్బడం ఉంటే లింఫోమానో, మన ప్రాంతంలో తరచూ కనిపించే క్షయనో తేల్చడానికి ముక్క తప్పనిసరి. గడ్డ పెద్ద రక్తనాళాలను చుట్టేసి, మొదటి ప్రయత్నంలో పూర్తిగా తీయడం అసాధ్యం అనిపించినా ముక్క కావాలి. అలాంటప్పుడు కూడా సూది ఊపిరితిత్తి పొర గుండా పోకూడదు. థైమోమా కణాలు ఆ పొర మీద రాలి అక్కడే మొలకెత్తగలవు. ఇంకొకటి: లింఫోమా అనుమానం ఉన్నప్పుడు ముక్క తీయకముందే ఆయాసానికని స్టెరాయిడ్ ఇస్తే గడ్డ కుంచించుకుపోయి, తర్వాత తీసిన ముక్కలో ఏమీ తేలకపోవచ్చు.

గుండె రోగుల్లో నేను అందరికన్నా ముందు భయపడేది వేరే ఉంది. గడ్డలా కనిపించేదల్లా గడ్డ కాదు. చాలా ఏళ్ల క్రితం బైపాస్ చేయించుకున్న ఒక పెద్దాయనను 'గుండె పక్కన కణితి, సూది పరీక్ష చేయగలరు' అని రాసి మా దగ్గరికి పంపారు. ఆయన తెచ్చిన సీటీ కాంట్రాస్ట్ (రక్తం పారే చోట్లు తెల్లగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే మందు) లేకుండా తీసినది. కాంట్రాస్ట్ ఎక్కించి మళ్లీ తీస్తే ఆ 'కణితి' నడుమ భాగం గుండెతో పాటే తెల్లగా వెలిగింది. బైపాస్‌కు వాడిన కాలి సిర ఉబ్బి బుడగలా మారింది, దాని గోడ పొడవునా పాత రక్తం గడ్డకట్టి ఉంది. అందులో సూది గుచ్చి ఉంటే ఏమై ఉండేదో చెప్పనక్కర్లేదు. బైపాస్ అయినవారిలోనూ, బృహద్ధమని ఉబ్బిన వారిలోనూ కాంట్రాస్ట్ సీటీ చూడకుండా సూది మాటే ఎత్తకూడదు. మీ రిపోర్టులో కాంట్రాస్ట్ ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చూసుకుని తీయించండి. షుగరు ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మరొకటి, ఇంకా అరుదైనది, పారాగాంగ్లియోమా. ఇది గుండెను, పెద్ద ధమనులను ఆనుకుని పెరిగి అడ్రినలిన్ కోవకు చెందిన రసాయనాలను వదులుతుంది. తలనొప్పి, చెమటలు, గుండెదడ కలిసి అలలు అలలుగా వస్తాయి, ఆ క్షణంలో బీపీ ఆకాశానికి ఎగురుతుంది. గుండె జబ్బు ఉన్న మనిషికి ఇవన్నీ గుండె ఖాతాలోనే పడిపోతాయి. మధ్యవయసు దాటిన ఒకావిడకు బీపీ మాత్రలు పెంచినకొద్దీ ఆ దాడులు ముదిరాయి. రక్తంలో మెటానెఫ్రిన్లు (ఆ రసాయనాలు విరిగాక మిగిలేవి) చూస్తే అసలు సంగతి తెలిసింది. దీనికి ముందు ప్రజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్‌తో పది పద్నాలుగు రోజులు బీపీని అదుపులోకి తెచ్చి, ఆ తర్వాతే అవసరమైతే బీటా బ్లాకర్ ఇవ్వాలి. వరుస తప్పితే బీపీ అదుపు తప్పుతుంది. దీన్ని సూదితో కదిలించడం కూడా ప్రాణాంతకమే. నాన్నగారికి అలాంటి దాడులు వస్తుంటే ఈ పరీక్ష కూడా అడగండి. లేకపోతే అవసరం ఉండకపోవచ్చు.

థైరాయిడ్ గడ్డలను, పెరికార్డియల్ తిత్తులను (గుండె పొర మీది నీటి తిత్తులను) ఇక్కడ విడిగా చెప్పను. సీటీ బాగా తీస్తే అవి దాదాపు అక్కడే తేలిపోతాయి. థైమస్ కేవలం ఉబ్బిందా, అందులో కణితి ఉందా, నీటి తిత్తా అనే సందేహం మిగిలితే ఎంఆర్ఐ తీస్తారు. స్టెంట్లు ఎంఆర్ఐకి అడ్డం కాదు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం అది ఎంఆర్ఐకి అనువైన రకమో కాదో ముందే కనుక్కోవాలి.

స్టెంటు గడువు, గడ్డ గడువు

కొత్త స్టెంటు లోహం మీద రక్తనాళపు లోపలి పొర కప్పుకునేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ అనే దెబ్బకు రక్తం గడ్డకట్టే గుణం మరింత పెరుగుతుంది. అదే సమయంలో రెండు మాత్రలూ ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. అలా వచ్చే గుండెపోటులో ప్రాణాపాయం చాలా ఎక్కువ. మీ గుండె డాక్టరు ఏడాది అన్నది ఊరికే కాదు. గుండెపోటుకు మందు పూసిన స్టెంటు వేసినప్పుడు, తొందరలేని ఆపరేషన్ ఏదైనా 12 నెలలు ఆగాలన్నదే మార్గదర్శకాల మాట. గుండెపోటు లేకుండా వేసిన స్టెంటుకైతే 6 నెలలు. వాయిదా వేస్తే నష్టం ఎక్కువ అనుకున్న ఆపరేషన్లకు మాత్రం 3 నెలల తర్వాత ఆలోచించవచ్చని అవే మార్గదర్శకాలు దారి వదిలాయి.

ఇక గడ్డ గడువు. థైమోమా సాధారణంగా నిదానంగా పెరుగుతుంది. నున్నటి అంచులున్న గడ్డ విషయంలో రెండు మూడు నెలల ఆలస్యం ఫలితాన్ని మార్చడం అరుదు. కానీ ఏడాది పూర్తయ్యేదాకా ఆగడం నాకు ఇష్టం ఉండదు, ముఖ్యంగా మయస్థీనియా కూడా ఉంటే. అందుకే నా సలహా ఇది: ఆరో నెల దాటాక అని గురి పెట్టుకోండి. ఈ మధ్యలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ సీటీ తీయించండి. పెరిగినా, అంచులు చెదిరినా అంతవరకు ఆగక్కర్లేదు. థైమిక్ కార్సినోమా అనే మొండి రకం కూడా ఉంది, అది ఆగదు.

ఆపరేషన్ తేదీ కుదిరాక ఆస్పిరిన్ కొనసాగుతుంది. టికాగ్రెలార్‌ను 3 నుంచి 5 రోజుల ముందు ఆపుతారు. రక్తస్రావం భయం తగ్గగానే, వీలైనంత త్వరగా మళ్లీ మొదలుపెడతారు. టికాగ్రెలార్ బదులు క్లోపిడోగ్రెల్ వాడుతుంటే 5 రోజులు, ప్రాసుగ్రెల్ అయితే 7 రోజుల ముందు ఆపుతారు. మధ్యలో హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తే స్టెంటుకు రక్షణ దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. ప్లేట్‌లెట్ల మీద హెపారిన్ ఆ పని చేయదు. ప్రమాదం మరీ ఎక్కువ అనుకుంటే ప్లేట్‌లెట్లను కొద్ది గంటలు మాత్రమే ఆపే ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి, వాటిని ఐసీయూలో పెట్టి ఇస్తారు. ఆపరేషన్ ఎంచుకున్న ఆసుపత్రిలో అర్ధరాత్రైనా యాంజియోప్లాస్టీ చేసే సౌకర్యం ఉండాలి. ఉత్తి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేముందు ఈ ఒక్కటీ అడగండి.

ఆపరేషన్ గురించి

1936లో అమెరికాలోని నాష్‌విల్లో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అనే సర్జన్ మయస్థీనియా ఉన్న ఒక యువతికి థైమస్ కణితి తీస్తే ఆమె కండరాల బలం మెరుగుపడింది. ఈ రెండు జబ్బుల బంధం వైద్యలోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే. అదే బ్లాలాక్ 1944లో నీలి పిల్లల (పుట్టుకతో ఉన్న గుండె లోపం వల్ల ఒళ్లు నీలంగా మారే పిల్లల) గుండె ఆపరేషన్‌తో ప్రసిద్ధుడయ్యారు. మా వృత్తిలో గుండె, థైమస్ పక్కపక్కనే ఉండటం అంత పాత సంగతి.

ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారా, రోబో సాయంతో తీసే పద్ధతులు వచ్చాయి. చిన్న గడ్డలకు అవి బాగుంటాయి. ఐదు సెంటీమీటర్లు దాటితే, గుండె పొరకు అంటుకుని ఉంటే, రొమ్ము ఎముక తెరిచి తీయడమే మంచిదని నా అభిప్రాయం. ఈ కణితిలో రోగి భవిష్యత్తును అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది దాన్ని పొర చిట్లకుండా పూర్తిగా తీయగలిగామా లేదా అన్నదే. కోత చిన్నదా పెద్దదా అన్నది దాని తర్వాతే. పైగా కీహోల్ పద్ధతిలో ఒక ఊపిరితిత్తిని ఆపి, ఛాతీలోకి గాలి నింపుతారు. బలహీనమైన గుండె ఆ ఒత్తిడికి తట్టుకోగలదో లేదో మత్తు డాక్టరు ముందే ఎకో (గుండె స్కాన్) చూసి చెప్పాలి.

గడ్డకు రెండు పక్కలా, ఊపిరి తీయించే కండరమైన ఉదరవితానానికి వెళ్లే ఫ్రెనిక్ నరాలు దారాల్లా సాగుతుంటాయి. మయస్థీనియా ఉన్న మనిషికి ఒకటి తెగినా ఊపిరి కష్టమవుతుంది. బైపాస్ అయినవారిలో ఇంకో జాగ్రత్త ఉంది. రొమ్ము ఎముక వెనుక నుంచి గుండెకు కలిపిన ధమని సరిగ్గా ఈ గడ్డ పక్కనుంచే పోతుంది. దాన్ని కోస్తే గుండెకు ప్రాణాధారం కోసినట్లే. యాంజియో సీటీలో దాని దారి చూసుకోకుండా ఎముక తెరవకూడదు. మీ నాన్నగారికి బైపాస్ కాలేదు కాబట్టి ఆ బెంగ లేదు. స్టెంట్లు వేయని నాళాల్లో ఇంకా బైపాస్ కావలసినంత అడ్డంకి మిగిలి ఉంటే మాత్రం ముందే చెప్పండి. ఒకే కోతతో రెండు పనులూ చేయవచ్చు.

మయస్థీనియా తేలితే ఆపరేషన్‌కు ముందే దాన్ని అదుపులోకి తేవాలి. దానికి ఇచ్చే పైరిడోస్టిగ్మిన్ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. మెటోప్రొలాల్‌తో కలిస్తే మరీ తగ్గవచ్చు, కాబట్టి మొదలుపెట్టినప్పుడు ఈసీజీ చూడాలి. త్వరగా బలం తెప్పించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లకు రక్తం గడ్డకట్టించే గుణం కొంత ఉంది, నీటి భారం కూడా పెంచుతాయి. కొత్త స్టెంట్లు ఉన్న వారికి నేను ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసి వేరేది ఎక్కించడం) వైపు మొగ్గుతాను. అయితే గుండె పంపింగ్ మరీ తక్కువ ఉంటే దానిలోనూ ఇబ్బందులున్నాయి.

తీయలేని గడ్డ అయితే

ముందు కీమోతో కుదించి తర్వాత తీస్తారు. థైమోమాకు ఎక్కువగా ఇచ్చే మందుల్లో డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ ఉంటాయి. మొదటిది నేరుగా గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. రెండోదానికి సెలైన్ ఎక్కువగా ఎక్కించాలి, పంపింగ్ తగ్గిన గుండె అంత నీటిని మోయలేదు. అలాంటివారికి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ జంట వాడుకోవచ్చు. ఏది వాడినా ముందూ మధ్యలోనూ ఎకో తప్పదు. రేడియేషన్ అవసరమైతే గుండె మీద, ముఖ్యంగా ముందువైపు ధమని మీద పడే మోతాదు ఎంతో అడగండి. కొందరికి ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్ చికిత్స ఆ భారాన్ని తగ్గిస్తుంది. చెన్నైలోనూ, నవీ ముంబైలోని టాటా మెమోరియల్ వారి ఖార్ఘర్ కేంద్రంలోనూ అది ఉంది. తొలి దశలో పూర్తిగా తీసేసిన గడ్డకు మాత్రం రేడియేషన్ అక్కర్లేదు.

ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) గురించి ఎవరైనా చెబితే తొందరపడకండి. థైమోమా ఉన్నవారిలో ఆ మందులు గుండె కండరం వాపును, మయస్థీనియాను తెచ్చే ప్రమాదం ఇతర క్యాన్సర్ల కన్నా చాలా ఎక్కువ. ఒకసారి దెబ్బతిన్న గుండెకు అది రెండో దెబ్బ అవుతుంది.

డాక్టర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు యాంజియోప్లాస్టీ రిపోర్టు (ఏ నాళంలో, ఏ రకం స్టెంటు, ఏ తేదీన అన్నది అందులో ఉంటుంది), తాజా ఎకో, సీటీ సీడీ, మాత్రల చీటీ, రెప్పల వీడియో తీసుకెళ్లండి. అందరికన్నా ముందు నరాల డాక్టరుకు చూపించండి.

ఈలోగా మింగుడు పడకపోయినా, మాట మారినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, ముఖం, మెడ సిరలు ఉబ్బినా, ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడకండి. నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అక్కడ మొదట చెప్పవలసినవి రెండు: 'స్టెంట్లు ఉన్నాయి, మయస్థీనియా అనుమానం ఉంది.'